నాన్న నెగటివ్‌ల పెట్టెతో హైదరాబాద్‌లో నాలుగు రోజులు

పాత నెగటివ్‌లు స్కాన్ చేయించేవాళ్లకి ముందుగా ఒక్క మాట. వాటిని కొట్లో వదిలేసి రాకండి. పక్కనే కూర్చోండి. కూర్చోనివ్వం అంటే పెట్టె తీసుకుని బయటికి వచ్చేయండి. ఈ మాట చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నవంబరు ఆఖరి వారంలో అమ్మా నేనూ గుడివాడ నుంచి హైదరాబాద్ వెళ్లొచ్చాం. నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఫొటోల ప్రదర్శన చూడాలన్నది నా కోరిక. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కి వెళ్లాలని ఎప్పటినుంచో అనుకుంటూ ఉన్నాను. ఆ రోజుల్లోనే మాకు ముహూర్తాలుంటాయి కాబట్టి ఏటా తప్పిపోయేది. రెండో పని నాన్న నెగటివ్‌లు. నాన్న 1974 నుంచి 1998 దాకా స్టూడియో నడిపారు. యాషికా ట్విన్ లెన్స్ కెమెరా, 120 అనే సైజు ఫిలిమ్ రోలు, రోలుకి 12 ఫొటోలు. కడిగిన ప్రతి రోలుకీ ఒక నంబరు, ఆ నంబరు రిజిస్టరులో, ప్రతి ముక్కా బటర్ పేపర్ కవర్లో. ఆ కవర్లన్నీ ఇనప్పెట్టెలో, మధ్యమధ్యలో కలరా ఉండలు. నాన్న పోయి ఆరేళ్లయినా ఆ పెట్టె తాళం అమ్మ కొంగుకే ఉంటుంది. నేనొక్కణ్ణే తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదు.

మొత్తం స్కాన్ చేయించే స్తోమత లేదు. అమ్మ రిజిస్టరు ముందేసుకుని నాలుగు రోజులు కూర్చుని 212 ఫ్రేములు ఏరింది. అందులో 24 మాత్రం వేరే కవర్లో పెట్టింది. అవి 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చాక నాన్న తీసినవి. నీళ్లు తీశాక అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు నడిచి వెళ్లారట. రెండు రోల్స్ తీశారు. ఇంటికొచ్చి కడిగారు, నంబరు వేశారు. ప్రింటు మాత్రం ఒక్కటీ వెయ్యలేదు. కాబట్టి ఆ 24లో ఒక్కదాన్ని కూడా ఫొటోగా నేను ఎప్పుడూ చూడలేదు.

గురువారం విజయవాడలో శాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం. స్టేషన్ దగ్గర లాడ్జి రోజుకి 1,350. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు పొద్దున ఏడింటి వరకే. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సిందేమీ లేదు. పెట్టె దించగానే స్కానింగ్ కొట్టుకి బయల్దేరాం. నాతో పెళ్లిళ్లు చేసే ఒకాయన ఫోన్లో చెప్పిన కొట్టు అది. ఏసీ గది, గాజు తలుపు, గోడ మీద పెద్ద పెద్ద పెళ్లి ఆల్బమ్ బొమ్మలు. రేటు ఫ్రేముకి 35. 3200 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), బొమ్మలో వివరం పోనివ్వని టిఫ్ ఫైళ్లు, దుమ్ము కూడా తీసేసి ఇస్తామన్నారు. 212కి 7,420. అడ్వాన్సు 4,000. రేపు సాయంత్రం వచ్చి తీసుకోండి అన్నారు. ఒక్క రోజులో 212 అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. 120 సైజు నెగటివ్‌ని ఆ డీపీఐలో ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద చేస్తే ఒక్కోదానికి నిమిషాలు పడుతుంది. అమ్మ గడప దాటుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

శుక్రవారం పొద్దున్నే మెట్రో ఎక్కి మాదాపూర్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఆటోకి 80 అడిగాడు, 70కి వచ్చాడు. ప్రదర్శనకి టికెట్ లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇలాంటి దానికి కూడా వెళ్లరంటే నాకు బాధేస్తుంది. నేను మూడొందల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి వచ్చి మూడు గంటలు చూసినా తనివి తీరలేదు. ఫోన్లో వేలితో తోసేసే బొమ్మ వేరు, గోడ మీద మూడడుగుల ప్రింటు ముందు నిలబడటం వేరు. దగ్గరికి వెళ్తే గ్రెయిన్ చుక్కలు కనపడతాయి, నాలుగడుగులు వెనక్కి వస్తే మనిషి కనపడతాడు.

అమ్మకి నడుం నొప్పి. మొదటి హాలు చూసి కుర్చీలో కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. ఒక బ్లాక్ అండ్ వైట్ ప్రింటు ముందు ఆగిపోయింది. ఒక ఇంటి అరుగు మీద ముసలావిడ. వెనకాల చీకటి గది. అమ్మ కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగింది.

"లోపల చీకట్లో కూడా ఉట్టి కనపడుతోంది చూశావా? ఇది చేత్తో వేసిన ప్రింటేరా. అట్ట ముక్క అడ్డం పెట్టి అక్కడ వెలుగు ఆపి ఉంటాడు. మీ నాన్న ఇట్లాగే వేసేవారు. నేను పక్కన నిలబడి ఒకటీ రెండూ లెక్క పెట్టేదాన్ని."

డార్క్‌రూమ్‌లో అమ్మ లెక్క పెట్టేదని నాకు తెలియదు. నెగటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు దిద్దేదని తెలుసు కానీ ఇది తెలియదు. మా మాటలు విని అక్కడ వలంటీరుగా ఉన్న కుర్రాడొకడు దగ్గరికొచ్చాడు. నెగటివ్‌ల సంగతి చెప్పాను. ఎక్కడ ఇచ్చారని అడిగి, కొట్టు పేరు విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక నంబరు రాసిచ్చాడు. "కోఠీ వైపు ఒక పెద్దాయన ఉన్నారన్నా. అవసరమైతే ఫోన్ చెయ్యండి" అన్నాడు.

సాయంత్రం ఏడింటికి కొట్టుకెళ్లాం. పెన్‌డ్రైవ్ ఇచ్చారు. నేను లాప్‌టాప్ తీసి అక్కడే చూశాను. టిఫ్ కాదు, అన్నీ వివరం తగ్గించి కుదించే జేపెగ్. ఒక్కో ఫ్రేము 2,646 పిక్సెళ్లు. నాన్న నెగటివ్ ఫ్రేము 56 మిల్లీమీటర్ల చదరం. 3200 డీపీఐలో చేస్తే ఒక వైపు 7 వేల పిక్సెళ్లు దాటాలి. 2,646 వచ్చిందంటే వాళ్లు చేసింది 1200. లెక్క అక్కడే కాగితం మీద వేసి చూపించాను.

అంతకంటే ఘోరం ఉప్పెన రోలు. ఏడో ఫ్రేములో కట్ట మీద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తలపాగా లేదు, తెల్ల జుట్టు, తెల్ల పంచె. ఆ జుట్టు ఆకాశంలో కరిగిపోయింది. పంచె మడతలన్నీ ముద్దయిపోయి సున్నం పూసినట్టుంది. నాకు వెంటనే అర్థమైంది, స్కానర్‌లో దుమ్ము తీసే 'డిజిటల్ ఐస్' అనే సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి వదిలేశారు. అది ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో దుమ్మూ గీతలూ వెతుకుతుంది. కలర్ ఫిలిమ్‌లో ఉండే రంగుల్లోంచి ఆ వెలుగు దూసుకుపోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది, కాబట్టి కలర్‌కి బాగా పనిచేస్తుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫిలిమ్‌లో బొమ్మంతా వెండి. వెండి దగ్గర కూడా ఆ వెలుగు ఆగిపోతుంది. దాంతో వెండి దట్టంగా ఉన్న చోటునల్లా దుమ్మనుకుని పూడ్చేస్తుంది. నెగటివ్‌లో వెండి దట్టంగా ఉండే చోటే ఫొటోలో తెలుపు. అందుకే ఆయన జుట్టు, పంచె పోయాయి. ఈ పని చేసేవాళ్లకి ఇది అ ఆ లు. తెలియదంటే తప్పు, తెలిసీ చేస్తే ఇంకా తప్పు.

అడిగితే ఓనరు "పాత నెగటివ్‌లు ఇంతే వస్తాయి సార్" అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. ఇవ్వలేదు సరికదా, మిగతా 3,420 కట్టందే నెగటివ్‌లు చేతికివ్వనన్నాడు. నేను గొంతు పెంచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "కట్టేయి నాన్నా, ముందు అవి మన చేతికి రానీ" అంది. కట్టాను. లోపల్నుంచి ఒక పాలిథిన్ సంచి తెచ్చి కౌంటరు మీద పడేశారు. 212 ఫ్రేముల ముక్కలూ కవర్లు లేకుండా ఒకదాని మీద ఒకటి, వేలిముద్రలతో. బటర్ పేపర్ కవర్లు, వాటి మీద నాన్న చేత్తో రాసిన నంబర్లు, చెత్తబుట్టలో ఉన్నాయి. బుట్ట తిరగేసి ఏరుకున్నాను.

ఆ రాత్రి అమ్మ భోజనం చెయ్యలేదు. లాడ్జి మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, ఒక్కో ముక్కా అంచులతో పట్టుకుని ట్యూబులైటుకి ఎదురుగా ఎత్తి చూస్తూ కూర్చుంది. నెగటివ్‌లో మొహం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది. ఎవరూ గుర్తుపట్టలేరు. అమ్మ గుర్తుపట్టింది. "ఇది బేతవోలు వాళ్ల పెద్దమ్మాయి పెళ్లిచూపుల ఫొటో. ఇది రైసుమిల్లు ముహూర్తం. 81లో." నేను రిజిస్టరులో వెతికి నంబరు చెప్తే తను కవర్లో పెట్టేది. రెండున్నర అయింది. నాలుగు ముక్కల మీద కొత్త గీతలు పడ్డాయి. అవి పాతవి కావని అమ్మకి కచ్చితంగా తెలుసు.

శనివారం పొద్దున ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. అమ్మని కూడా తీసుకురమ్మన్నారు. కోఠీలో ఇరుకు మెట్లెక్కి రెండో అంతస్తు. ఒకటే గది. స్టాండుకి కిందికి చూస్తూ బిగించిన 45 మెగాపిక్సెల్ కెమెరా, మ్యాక్రో లెన్స్, కింద లైటు ప్యానెల్. కిటికీకి నల్ల గుడ్డ. ఆయన ముందు కెమెరా ముట్టుకోలేదు. కవరు తెరిచి వాసన చూశారు. ఒక రోలు పక్కన పెట్టారు.

"ఇది పులుస్తున్నదమ్మా. గీ వాసన చూడు. దీన్ని మిగిలినవాటితోని కలిపి పెట్టకు, వాటికి గూడ పడ్తది."

నేనూ చూశాను. ఊరగాయ జాడీలో వచ్చే ఘాటు. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిలిమ్ పాడవడం మొదలైతే అందులోంచి ఎసిటిక్ ఆమ్లం వస్తుంది. గాలి ఆడని పెట్టెలో ఆ ఆవిరి పక్క ఫిలిమ్‌లనీ పాడుచేస్తుంది. కలరా ఉండలు తీసేయమన్నారు. ఆమ్లం లేని కాగితం కవర్లు, తేమ పీల్చే సిలికా పొట్లాలు, ఇంట్లో చల్లగా ఉండే గది చాలన్నారు. రేటు ఫ్రేముకి 90. "ఒక్కటి చేసి చూపిస్త. నచ్చితెనే మిగిలినయి" అన్నారు.

నేను ఏడో ఫ్రేమే ఇచ్చాను. బ్లోయరుతో ఊది, మెత్తటి కుంచెతో తుడిచి, మెరుపు లేని ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) వైపు కెమెరాకి పెట్టి తీశారు. కంప్యూటరులో తిప్పి నెగటివ్‌ని పాజిటివ్ చేశారు. చదరపు ఫ్రేముకి 3 కోట్ల పిక్సెళ్లు. దగ్గరికి లాగితే ఆ ముసలాయన జుట్టు వెంట్రుక వెంట్రుకగా లేచి ఉంది, ఎండిన ఉప్పునీటికి అట్టలు కట్టి. పంచె మోకాలి దాకా బురద గీత. ఆయన వెనక తాడిచెట్టు కమ్మకి ఒక చీర చుట్టుకుని వేలాడుతోంది. నీళ్లు అంత ఎత్తు వచ్చాయన్నమాట. నిన్నటి స్కాన్‌లో ఆ చీర తెల్ల మచ్చలా ఉంది, నేను గీత అనుకున్నాను.

అమ్మ చాలాసేపు చూసింది. "అందుకే వెయ్యలేదు" అంది. ఇంకేమీ అనలేదు.

24 ఫ్రేములకి సాయంత్రం అయింది. 2,160. అంత ఓపిగ్గా పనిచేసిన మనిషికి ఇది ఎక్కువ కాదు. మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పి మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. జొన్నరొట్టె, వంకాయ కూర, అన్నంలోకి పచ్చిపులుసు. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. చింతపండు పిసికి, పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి, పొయ్యి ఎక్కకుండా చేసిన ఆ పులుసు అమ్మకి కొత్త. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినని మనిషి రెండోసారి అడిగి వేయించుకుంది. ఈ ప్రయాణంలో నేను మర్చిపోలేని భోజనం అదే. దానికి డబ్బు అడగలేదు, ఇస్తే తీసుకోలేదు.

తింటూ ఆయన రాజా దీన్ దయాళ్ గురించి చెప్పారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన మనిషి. 1905లో పోయారు. ఆయన గాజు పలకల నెగటివ్‌లు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో తీసుకుని దాచింది. అంత పెద్దాయనవైనా దాచడానికి ఒక సంస్థ ముందుకు రావాల్సొచ్చింది. గుడివాడ స్టూడియోకి ఆ సంస్థ అమ్మే.

ఆదివారం చౌమహల్లా ప్యాలెస్ చూశాం. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. గోడల మీద నిజాంల నాటి ఫొటోలు అమ్మకి నచ్చాయి. రైలుకి టైమవుతోందని త్వరగా వచ్చేశాం.

ఖర్చులో లాడ్జికి 4,050, మంచి స్కానింగుకి 2,160, దండగకి 7,420. మీరు వెళ్తే ముందు ఒక్క ఫ్రేము చేయించి, ఫైలు తెరిచి పిక్సెళ్లు లెక్కపెట్టుకోండి. బ్లాక్ అండ్ వైట్ అయితే దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్ ఆపేయమని నోరు తెరిచి చెప్పండి. నెగటివ్‌లు ఎన్నిచ్చారో రసీదు మీద రాయించుకోండి. రంగుల ఆల్బమ్‌లు గోడకి వేసిన కొట్లు చూసి మోసపోకండి.

ఇంకా 188 ఉన్నాయి. ఫ్రేముకి 90 చొప్పున 16,920 అవుతుంది. మాఘమాసం పెళ్లిళ్లయ్యాక వెళ్దామన్నాను. అమ్మ ఇప్పటికే కాగితం కవర్లు తెప్పించింది. నాన్న రాసిన పాత నంబర్ల కవర్లు పారేయలేదు, కొత్త కవర్లలో వాటిని కూడా పెడుతోంది. పులిసిన రోలు వంటింటి అటక మీద విడిగా ఉంది.