గాండర్‌లో రెండు రాత్రులు, ఒక నాటకం

టొరంటోలో ‘కమ్ ఫ్రమ్ అవే’ అనే సంగీత నాటకం చూశాం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో, గాండర్ అనే చిన్న ఊళ్లో నిజంగా జరిగిన కథ అది. బయటికి రాగానే మా ఆవిడ, "దీన్ని ఆ ఊళ్లోనే చూడాలండీ" అంది. 2024 వేసవికి కుదిరింది. ఆ దీవిలోనే ఉన్న సెయింట్ జాన్స్ దాకా విమానం, అక్కణ్ణుంచి గాండర్‌కి సుమారు 330 కిలోమీటర్లు కారులో. అద్దె కారు కౌంటర్‌లో మాత్రం విసిగిపోయాం. ముందే బుక్ చేసుకున్నా గంటకు పైగా నిలబెట్టి, అడిగినదాని కంటే చిన్న బండి ఇచ్చారు. ఈ దారిలో పగలే వెళ్లండి. చీకటి పడితే గుర్రమంత ఎత్తుండే మూస్‌లు (పెద్ద జాతి దుప్పులు) రోడ్డు మీదికి వచ్చేస్తాయి.

మోటెల్ గది శుభ్రంగా ఉంది కానీ నాటకం సీజన్ కాబట్టి రేటు ఎక్కువే. శాకాహారులకి పొద్దున టోస్టు, పళ్లు తప్ప ఏమీ లేవు. మేం తీసుకెళ్లిన పులిహోర పేస్టే ఆదుకుంది. గదిలో కెటిల్ పనిచేయట్లేదని చెబితే రిసెప్షన్‌లో ఉన్న పెద్దావిడ, "ఒక్క నిమిషం, మై లవ్" అని లోపలికెళ్లి తను టీ కాచుకునే కెటిల్ తెచ్చి ఇచ్చేసింది. అక్కడ ‘మై లవ్’ అంటే మన ‘అమ్మా’, ‘నాయనా’ లాంటి పిలుపే.

ఇక నాటకం. 2001 సెప్టెంబర్ 11న అమెరికా గగనతలం మూసేస్తే 38 విమానాలు ఇక్కడ దిగాయి. పదివేల జనాభా కూడా లేని ఊరికి దాదాపు 6,600 మంది ప్రయాణికులొచ్చారు. సమ్మెలో ఉన్న స్కూలు బస్సు డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి స్టీరింగ్ పట్టారు. వచ్చిపడుతున్న తిండి పాడవకుండా ఐస్ హాకీ మైదానాన్నే ఫ్రిజ్ చేసుకున్నారు. ఇదంతా పన్నెండుమంది నటులు, కొన్ని కుర్చీలతో, విరామం లేకుండా గంటా నలభై నిమిషాల్లో చెప్పేస్తారు. కుర్చీలు వరసగా వేస్తే విమానం, కాస్త తిప్పితే బస్సు.

టొరంటోలో చప్పట్లు కొట్టిన చోట ఇక్కడ జనం నవ్వారు, తమ ఇంటి సంగతి విన్నట్టు. బస్సుల సన్నివేశం రాగానే నా పక్క సీటాయన మోకాలి మీద దరువు ఆపేశాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ సన్నివేశం అయ్యేదాకా దాని అంచు నలుపుతూనే ఉన్నాడు. నేనేమీ అడగలేదు. నాకు గొంతు పట్టేసింది. టొరంటోలో వాద్యాలు ఇంతకన్నా గట్టిగా మోగాయి, సీట్లూ మెత్తగా ఉన్నాయి. అయినా డబ్బు ఒక్కసారికే ఉంటే ఇక్కడే ఖర్చుపెట్టమంటాను.

మర్నాడు విమానాశ్రయంలో 1959 నాటి అంతర్జాతీయ లాంజ్, అందులో గోడ పొడవునా ఉన్న కుడ్యచిత్రం చూశాం. విమానాల మ్యూజియం చిన్నదే, గంట చాలు.

గది ఖాళీ చేస్తూ కెటిల్ తిరిగిచ్చాం. ఆవిడ బిల్లు సంగతి తర్వాత ఎత్తింది, ముందు అడిగింది దారిలో తినడానికి ఏమైనా పెట్టుకున్నారా అని.