సీ వ్యూ గదికి 60 పౌండ్లు ఎక్కువ కట్టాం, సముద్రం మాత్రం పబ్బులో దొరికింది

మామూలు ఫ్యామిలీ రూమ్ రాత్రికి 118 పౌండ్లు, సీ వ్యూ అయితే 148. అమ్మానాన్నలు చీరాల నుంచి మొదటిసారి వచ్చారు కదా, పొద్దున లేవగానే కిటికీలోంచి సముద్రం కనపడాలని సీ వ్యూయే తీసుకున్నాను. రెండు రాత్రులకు 60 పౌండ్లు అదనం.

మాంచెస్టర్ నుంచి మూడున్నర గంటలు డ్రైవ్ చేసి ఉత్తర వేల్స్‌లోని ఆ బసకు చేరి కర్టెన్ పక్కకు లాగితే ఎదురుగా పక్కింటి గోడ, దాని కింద నాలుగు చెత్త డబ్బాలు. కిందకెళ్లి అడిగాను. ఓనర్ పైకి వచ్చి నన్ను బాత్రూంలోకి తీసుకెళ్లాడు. టబ్బు అంచున నిలబడి ఎడమవైపు వంగి చూడమన్నాడు. రెండు ఇళ్ల కప్పుల మధ్య అరచేయంత నీలం కనిపించింది. "కనిపిస్తోంది కదా" అనేసి దిగి వెళ్లిపోయాడు. డబ్బు వెనక్కిమ్మంటే కుదరదన్నాడు.

మర్నాడు నాన్న స్నానం, సంధ్యావందనం ముగించుకుని దిగేసరికి 9 దాటి ఐదు నిమిషాలైంది. టిఫిన్ అయిపోయిందన్నారు. డబ్బు తీసుకున్న టిఫినే అది. నాన్న ఒక్క మాట అనకుండా గదికొచ్చి, అడుగున తెల్లటి పొలుసులు కట్టిన కెటిల్‌లో నీళ్లు కాచుకుని టీ తాగారు. నాకు కడుపు మండిపోయింది. ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చిన పెద్దవాళ్లకు ఐదు నిమిషాలు ఆగి ఓ కప్పు కాఫీ ఇవ్వలేరా?

ఆ కోపంలోనే అందరినీ కారెక్కించి పోర్త్‌డిన్‌లైన్ అనే తీరపు పల్లెకు బయల్దేరాను. అక్కడ ఇసక మీదే టీ కోఖ్ అనే పాత పబ్బు ఉందని మా ఆవిడ చాన్నాళ్లుగా అంటోంది. వెల్ష్ భాషలో ఆ పేరుకు ఎర్ర ఇల్లు అని అర్థం. 'పబ్బు' అన్న మాట వినగానే అమ్మ ముఖం మాడ్చుకుంది. "నన్ను సారా కొట్టుకు తీసుకెళ్తున్నావేంట్రా?" అంది. "అలా కాదత్తయ్యా, పిల్లలు, ముసలివాళ్లు అందరూ వస్తారు" అని మా ఆవిడ సర్దిచెప్పింది.

ఆ ఊళ్లోకి బయటివాళ్ల కార్లు రానివ్వరు. పక్క ఊరు మోర్వా నెవిన్‌లో, పాత కట్టడాలు, తీరాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ల కార్ పార్కులో కారు పెట్టి ఒడ్డు వెంట ఓ మైలు నడవాలి. ఊరు కూడా 1994 నుంచి వాళ్లదే. అమ్మకు మోకాళ్ల నొప్పి, పాతిక నిమిషాల దారికి మాకు నలభై పట్టింది. తడి ఇసక గట్టిగా ఉంటుందని నాన్న ముందే కనిపెట్టి నీళ్ల అంచునే నడిపించారు. చీరాల పక్కన ఓడరేవు అనే ఊళ్లో పెరిగిన మనిషి మరి.

మలుపు తిరగగానే కొండ కింద వరసగా కొన్ని తెల్లటి ఇళ్లు, మధ్యలో ఎర్ర ఇటికెల ఇల్లు. 1823లో చర్చి ఫాదరీ కోసం కట్టింది. 1842లో సత్రమైంది. గుమ్మం దిగితే ఇసక, నాలుగడుగులేస్తే నీళ్లు. లోపల దూలాలకు పాత లాంతర్లు, లోహపు మగ్గులు వేలాడుతున్నాయి. అమ్మ లోపలికి తొంగిచూసి, బయట గోడ మీదే కూర్చుంటానంది. మంచిదే అయింది, ఆ గోడకు మించిన సీటు లేదు. అఖాతం అవతల అర్ ఐవల్ అనే కొండ మూడు శిఖరాలు కనిపిస్తాయి. పెద్దది 564 మీటర్లు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే పడవ నీడ అడుగున ఇసక మీద కనిపిస్తోంది.

నాన్నకు, నాకు చెరో పైంట్ బీరు, అమ్మకు లెమనేడ్, మా ఆవిడకు కాఫీ, చీజ్, రొట్టె, ఊరగాయ ఉన్న ప్లేట్లు రెండు, మొత్తం 43 పౌండ్ల 60 పెన్స్. ఆ చీజ్ ముక్క కరకరలాడే రొట్టె మీద పెట్టి, మీద తియ్యపుల్లని ఉల్లి పచ్చడి రాసి ఇస్తే అమ్మ మూడు తింది. ఇంకోటి అడిగింది కూడా. అమ్మ నడక చూసి, లోపలున్న అమ్మాయి అడగకుండానే ప్లేట్లు గోడ దాకా తెచ్చిపెట్టింది. పొద్దుటి నుంచి నన్ను పీకుతున్న చిరాకు అక్కడ పోయింది.

1800ల మొదట్లో ఐర్లాండ్ టపా ఓడలకు ఈ ఊరినే రేవు చేయాలనుకున్నారట, చివరికి ఆ అవకాశం వేల్స్‌లోనే ఉన్న హోలీహెడ్ రేవుకు పోయింది. చెప్పగానే నాన్న, "పోతే పోయింది, లేకపోతే ఇక్కడ క్రేన్లు ఉండేవి" అన్నారు.

వెళ్లేవాళ్లు పోటు వేళలు తప్పకుండా చూసుకోండి. పోటు ఎక్కితే ఒడ్డు దారిలో నీళ్లొస్తాయి, అప్పుడు పైన గోల్ఫ్ కోర్సు మీదుగా రావాలి. మేం అలాగే వచ్చాం, ఎక్కుడు కాబట్టి అమ్మ రెండుసార్లు కూర్చుంది. వంట మధ్యాహ్నం కొద్దిసేపే, ఒంటిగంటలోపు చేరండి. చలికాలంలో రోజూ తెరవరు. ఎక్కడైనా సీ వ్యూకి ఎక్కువ కట్టేముందు కిటికీలోంచి తీసిన ఫోటో పంపమనండి, పంపకపోతే మామూలు గదే తీసుకోండి.

ఆ మర్నాడు ఎక్కడికెళ్దామని అడిగితే అమ్మే మళ్లీ అక్కడికే అంది. మూడింటికి చేరాం, వంట అయిపోయింది, నాలుగు చిప్స్ ప్యాకెట్లతో సరిపెట్టుకున్నాం. అమ్మ గోడ మీద కూర్చుని చీరాలలో పిన్నికి వీడియో కాల్ చేసి, ఫోన్ నీళ్లవైపు తిప్పి, "పబ్బులో ఉన్నామే" అంది.