కెమెరా అడాసా, రాడార్ కూడా ఉన్నదా, అసలు లేని బండా: ఏది మేలు?

ఈ ఆరు నెలల్లో కొత్త కారు కొంటున్నామని ఫోన్ చేసిన చుట్టాలూ స్నేహితులూ అందరూ అడిగింది ఒకటే. "అడాస్ ఉన్న వేరియంట్‌కి ఇంకో మూడు లక్షలు అవుతుందంటున్నారు. పెట్టమంటావా?" అడాస్ అంటే చుట్టూ ఉన్నవాటిని కనిపెట్టి హెచ్చరిస్తూ, బ్రేక్, స్టీరింగ్‌లలో డ్రైవర్‌కి సాయం చేసే ఏర్పాటు. పెట్టండి అంటే వెంటనే రెండో ప్రశ్న. కెమెరా ఒక్కటే ఉన్నది సరిపోతుందా, రాడార్ కూడా ఉండాలా?

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. రెండున్నరేళ్లు కెమెరా అడాస్ ఉన్న సెడాన్ నడిపాను. అక్కా బావా కూతురి పురుడికని అమెరికా వెళ్లినప్పుడు వాళ్ల ఎస్‌యూవీ నాలుగు నెలలు నా దగ్గరే ఉంది. దాంట్లో కెమెరాతో పాటు ముందూ వెనకా రాడార్లున్నాయి. నెలకి రెండుసార్లు హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్లొస్తాను కాబట్టి రెండు బండ్లనీ ఒకే రోడ్డు మీద, ఇంచుమించు ఒకే వేళల్లో నడిపి చూసే వీలు దొరికింది. పోయిన నెల సెడాన్ అమ్మేసి కొత్త బండి బుక్ చేశాను. ఇంత ఆలోచించింది అప్పుడే.

ముందు లెవెల్ సంగతి. షోరూంలో "లెవెల్ 2 సార్" అని గట్టిగా చెబుతారు. బండి తనంతట తాను ఎంత నడుపుకుంటుందో అంకెల్లో చెప్పే ఎస్ఏఈ (అమెరికా ఇంజనీర్ల సంఘం) పట్టిక ప్రకారం లెవెల్ 2 అంటే స్టీరింగ్‌లో సాయం, వేగంలో సాయం రెండూ ఒకేసారి అందడం, అంతే. రెండిట్లో ఒక్కటే అందితే లెవెల్ 1. ప్రాణం కాపాడే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకూ, బ్లైండ్ స్పాట్ హెచ్చరికా అదే పట్టికలో లెవెల్ 0 కింద ఉంటాయి. అంటే లెవెల్ 1 అని రాసి ఉన్న బండి ఆపద వేళ తప్పకుండా వెనకబడుతుందని కాదు, లెవెల్ 2 అని ఉన్నంత మాత్రాన గట్టిదనీ కాదు. ఆ అంకె చూసి డబ్బు పెట్టకండి. లెవెల్ 2 దాకా బండి ఏం చేసినా బాధ్యత మాత్రం స్టీరింగ్ పట్టుకున్న మనిషిదే.

అయిదేళ్ల కిందట ఈ ప్రశ్న ఇంతమందికి వచ్చేది కాదు. 2020లో ఎంజీ గ్లాస్టర్, 2021లో ఆస్టర్, ఎక్స్‌యూవీ700 అడాస్‌తో వచ్చాయి. హోండా 2022లో సిటీ హైబ్రిడ్‌కి కెమెరా ఒక్కదానితో నడిచే, సెన్సింగ్ అని పేరు పెట్టిన అడాస్ ఇచ్చింది. 2023లో వెన్యూకి లెవెల్ 1 వచ్చింది. 2024లో ఎక్స్‌యూవీ 3ఎక్స్‌వోకీ, అమేజ్‌కీ కూడా అడాస్ వచ్చేసింది. ఇప్పుడు మధ్యతరగతి ఇంట్లో మొదటి కారు కొనేటప్పుడే ఇది తేల్చుకోవాల్సి వస్తోంది.

అడాస్ లేని మధ్య వేరియంట్ గురించి చాలామంది చిన్నచూపుతో మాట్లాడతారు. నాకది నచ్చదు. మీ తిరుగుడంతా కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ దాకానే అయితే, ఊరికి ఏడాదికి మూడు నాలుగుసార్లే వెళ్తుంటే, ఆ మూడు లక్షలు మిగుల్చుకోండి. ట్రాఫిక్‌లో అడాస్ క్రూజ్ కంట్రోల్ (ముందు బండిని బట్టి వేగం తనే సర్దుకునేది) పెట్టుకుంటే ముందు బండికీ మనకీ మధ్య అది వదిలే ఖాళీలో ముందో ఆటో దూరుతుంది, వెనకే రెండు బైకులు దూరతాయి. అది ప్రతిసారీ బ్రేక్ వేస్తుంది, వెనకవాళ్లు హారన్ కొడతారు. పది నిమిషాల్లో మీరే తీసేస్తారు. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారకుండా పట్టి ఉంచే ఈఎస్‌సీ, టైర్ ప్రెషర్ చూపించే మీటర్, మంచి హెడ్‌లైట్లు, 360 కెమెరా ఉన్న వేరియంట్ దొరికితే సిటీ మనిషికి అది లోటున్న బండేమీ కాదు. బండ్లని గుద్దించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎన్ని స్టార్లు వచ్చాయో చూసుకోండి. గుద్దుకున్నాక కాపాడేది బండి కట్టుబడే.

హైవే మీద నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్ల లెక్క మాత్రం వేరు.

కెమెరా అడాస్‌లో వెనక చూసే అద్దం వెనకాల, బండి ముందు అద్దానికి అంటుకుని సాధారణంగా ఒకే కన్ను ఉంటుంది. తెల్ల గీతలు చదవడం, ముందున్నది లారీయా మనిషా బైకా అని పోల్చుకోవడం దాని బలం. పగటిపూట, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, అవుటర్ రింగ్ రోడ్డు మీద నా సెడాన్ ఎంత బాగా పనిచేసేదో చెప్పలేను. 158 కిలోమీటర్ల రింగు, గీతలు స్పష్టంగా ఉంటాయి, టూవీలర్లకి ప్రవేశం లేదు, మొదటి రెండు లేన్లలో 120 వరకూ వెళ్లొచ్చు. ఈ టెక్నాలజీ కోసమే వేశారా అనిపించే రోడ్డు.

విజయవాడ రోడ్డు ఎక్కాకే దాని కష్టాలు తెలుస్తాయి. పొద్దున్నే బయల్దేరితే తూర్పు ముఖం, చౌటుప్పల్ దాటేసరికి సూర్యుడు సరిగ్గా అద్దంలోకి కొడతాడు. సాయంత్రం తిరిగొస్తుంటే పడమటి ఎండ, మళ్లీ ఎదురుగానే. ఆ వేళల్లో డాష్‌బోర్డు మీద "కెమెరా కనిపించడం లేదు" అన్న అర్థంలో మెసేజ్ వచ్చి అన్నీ ఒకేసారి ఆగిపోయేవి. జోరువానలోనూ అంతే. డిసెంబర్ తెల్లవారుజామున నందిగామ దగ్గర పొగమంచు పడితే, మనకి సాయం బాగా కావాల్సిన సమయంలోనే అది చేతులెత్తేసేది.

ఇంకో ఖర్చుంది, కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. కంకర లారీ నుంచి రాయి ఎగిరి నా ముందు అద్దం పగిలింది. అద్దం మార్చారు, ఇన్సూరెన్స్‌లో పోయింది. కానీ కెమెరా తిరిగి క్యాలిబ్రేట్ చేయాలని, అంటే దాని చూపు సరిగ్గా కుదర్చాలని, సర్వీస్ సెంటర్‌లో ఎవరూ అనలేదు. వారం తర్వాత చూస్తే బండి లేన్‌లో ఎడమ గీత వైపు జరిగి నడుస్తోంది. రెండోసారి తీసుకెళ్లి, బోర్డు పెట్టి క్యాలిబ్రేట్ చేయించాకే కుదుటపడింది. అద్దం మార్చినప్పుడల్లా ఆ పని జరిగిందో లేదో జాబ్ కార్డులో రాయించుకోండి.

రాడార్ ఉన్నవాటిలో బంపర్ దగ్గరో గ్రిల్ వెనకో చిన్న పలక ఉంటుంది. అది పంపే, దూరంగా పోయే రేడియో తరంగాలు 77 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ముందు బండి ఎంత దూరంలో ఉంది, మనకన్నా ఎంత నెమ్మదిగా పోతోంది అన్నది అది నేరుగా కొలుస్తుంది. కెమెరా అదే సంగతిని బొమ్మ సైజును బట్టి అంచనా కడుతుంది. ఈ తేడా కాలికి తెలుస్తుంది. నా సెడాన్ ముందు లారీ దగ్గరపడ్డాక గబుక్కున బ్రేక్ పట్టేది, వెనక సీట్లో అమ్మ ముందుకి తూలేది. బావ బండి చాలా ముందు నుంచే యాక్సిలరేటర్ వదులుకుంటూ వచ్చేది. అమ్మ నిద్ర చెడలేదు.

చీకట్లో ఏం జరిగిందో చెబితే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. సూర్యాపేట దాటాక, రాత్రి ఎనిమిదిన్నర. బావ బండిలో 90 దగ్గర క్రూజ్ పెట్టుకుని వస్తున్నాను. ఎదురు రోడ్డు లైట్లు కళ్లలో పడుతున్నాయి. నాకు ఏమీ కనబడకముందే మీటర్ మధ్యలో కారు బొమ్మ వెలిగింది, వేగం 80కి, 70కి దిగింది. ఏంటా అని చూస్తుంటే అప్పుడు హెడ్‌లైట్ వెలుగులోకి వచ్చింది, గడ్డి మోపులు రోడ్డు మీదికి వేలాడేలా వేసుకున్న ట్రాక్టర్ ట్రక్కు. వెనక ఒక్క లైటు లేదు, రిఫ్లెక్టర్ ఉన్నా గడ్డి కింద దాగిపోయింది. నేను చూసేటప్పటికి బండి సగం పని చేసేసింది. ఆ రాత్రి తర్వాత నా మనసు ఎటు మొగ్గిందో దాచను.

అయినా రాడార్ మీద పూర్తిగా భారం వేయొద్దు. ఆ ట్రాక్టర్ కదులుతోంది కాబట్టి సరిపోయింది. రోడ్డు పక్క ఆగి ఉన్న లారీ సంగతి వేరు. సైన్‌బోర్డులు, వంతెనలు, డివైడర్ రెయిలింగులు అన్నీ రాడార్‌కి జవాబిస్తాయి. కదలని ప్రతిదానికీ బ్రేక్ వేస్తే బండి ముందుకే పోలేదు. అందుకే చాలా బండ్లలో అసలు కదలనివాటిని పెద్ద వేగాల దగ్గర పట్టించుకోకుండా వదిలేసేలా, లేదా కెమెరా కూడా అవునంటేనే నమ్మేలా పెడతారు. ఓనర్స్ మాన్యువల్‌లో ఈ మాట రాసే ఉంటుంది, చదవండి. టైరు మార్చుకుంటూ లైట్లు లేకుండా ఆగిన లారీయే మన హైవేల మీద రాత్రిపూట పెద్ద గండం. దాన్ని చూడాల్సింది మన కళ్లే.

వెనక రాడార్లు అదనపు లాభం. బ్లైండ్ స్పాట్‌లో బైక్ ఉంటే అద్దంలో పసుపు లైటు వెలుగుతుంది. సెల్లార్‌లోంచి రివర్స్ చేస్తుంటే పక్క నుంచి వచ్చే స్కూటీని ముందే చెబుతుంది. కెమెరా ఒక్కటే ఉన్నవాటిలో ఈ రెండూ సాధారణంగా ఉండవు. హోండా లేన్‌వాచ్ ఎడమ పక్క బొమ్మ చూపిస్తుంది కానీ, చూడాల్సింది మనమే. కేంద్రం లెక్కల్లో 2022లో రోడ్డు మీద పోయిన 1,68,491 మందిలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లు, 19.5 శాతం నడిచి పోతున్నవాళ్లు. బ్రోషర్‌లో వెతకాల్సింది ఇదే: ఎమర్జెన్సీ బ్రేక్ కార్లకేనా, బైకులకీ మనుషులకీ కూడా వేస్తుందా?

ఇంతా చెప్పి, నన్ను అడిగితే తేల్చేది రాడారూ కాదు, కెమెరా కూడా కాదు. ఆరు నెలలయ్యాక మీరు దాన్ని ఆన్‌లో ఉంచుతారా లేదా అన్నదే. నాకు తెలిసినవాళ్లలో సగం మంది మూడు లక్షలు పోసి కొని, బండి ఎక్కగానే అన్నీ ఆఫ్ చేసి నడుపుతున్నారు. వాళ్లని తప్పుపట్టను. అనవసరంగా కూసే హెచ్చరిక, అవసరమైన హెచ్చరికకి కూడా విలువ లేకుండా చేస్తుంది. పదిసార్లు ఉత్తినే అరిచాక పదకొండోసారి ఎవరు చూస్తారు?

కోతల రోజుల్లో ఒకసారి మిర్యాలగూడ మీదుగా వెళ్లాం. రోడ్డు ఎడమ అంచున ధాన్యం ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్లు పేర్చారు. ఎవరైనా ఏం చేస్తారు? కొద్దిగా కుడికి జరుగుతారు. ఇండికేటర్ వేయలేదు కాబట్టి నా సెడాన్‌కి అది గీత దాటడం కింద లెక్క. స్టీరింగ్ అరచేతుల్లో ఎడమకి గుంజింది, ఆ రాళ్ల వైపు. గట్టిగా పట్టుకుంటే వదిలేసింది కానీ గుండె ఝల్లుమంది. వెనక నుంచి అమ్మ, "ఏంట్రా, బండి అటు లాగుతోంది? చెయ్యి నొప్పా?" అంది. నాది కాదమ్మా, బండిది అని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజే లేన్ అసిస్ట్ (గీత దాటకుండా స్టీరింగ్ లాగే సాయం) ఆఫ్ చేశాను. మళ్లీ స్టార్ట్ చేస్తే అది తనంతట తానే ఆన్ అయ్యేది. ప్రతిసారీ బటన్ నొక్కాలి, ఒకసారి మర్చిపోతే మళ్లీ అదే గుంజుడు.

బావ బండి లేన్ అసిస్ట్‌లో మూడు మెట్లున్నాయి: స్టీరింగ్ గుంజడం, వణకడం, ఊరికే చప్పుడు చేయడం. వణకడం పెట్టుకున్నాను. మళ్లీ మార్చమని నన్ను అడగలేదు, దానంతట అది మారనూ లేదు. నాలుగు నెలల్లో దాన్ని ఆఫ్ చేయాలనిపించలేదు. రెండు బండ్లలో ఏది మేలంటే నేను మొదట చెప్పే తేడా ఇది.

ఎమర్జెన్సీ బ్రేక్ నా సెడాన్‌లో రెండున్నరేళ్లలో రెండుసార్లు గట్టిగా పడింది. ఒకటి కోదాడ దగ్గర, డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో వచ్చిన బైక్ కోసం. దానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. రెండోది ఏమీ లేని చోట, ఫ్లైఓవర్ నీడలోకి దూరుతుంటే. వెనక వస్తున్న లారీ డ్రైవర్ పక్కకి కోసుకోబట్టి బతికాం. ఒకటి మంచి, ఒకటి చెడు, చెల్లుకు చెల్లు అనుకోకండి. దీన్ని ఎప్పుడూ ఆఫ్ చేయొద్దనే నా మాట. కానీ వెనక ఎవరున్నారో అద్దంలో చూసుకునే అలవాటు అడాస్ ఉన్న బండిలో ఇంకా పెంచుకోవాలి.

అద్దానికి అంటించే అడాస్ డాష్‌క్యామ్‌లు ఉన్నాయి. అరుస్తాయి తప్ప బ్రేక్ వేయలేవు. డాష్‌క్యామ్‌గా కొనుక్కోండి, చాలు. స్టీరింగ్ వదిలేసి రీల్స్ తీసేవాళ్లకి ఏ బండీ కొనమని సలహా ఇవ్వను.

నేను బుక్ చేసింది కెమెరాతో పాటు ముందూ వెనకా రాడార్ ఉన్నది. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ నాకు అక్కర్లేదు, కానీ అవన్నీ కలిపి ఒకే మూటగా అమ్ముతున్నారు, తప్పలేదు. తమ్ముడు సిటీ దాటడు కాబట్టి వాడి చేత అడాస్ లేని వేరియంటే కొనిపించాను, ఆ డబ్బుతో హెడ్‌లైట్లు బాగున్న బండి వచ్చింది. కెమెరా ఒక్కటే ఉన్నది ఎవరికి అంటే, పగలు ఎక్కువ తిరిగేవాళ్లకీ, బడ్జెట్ అక్కడితో ఆగిపోయేవాళ్లకీ. అసలు లేనిదానికన్నా హైవే మీద అదే నయం.

టెస్ట్ డ్రైవ్‌లో సేల్స్ కుర్రాడు అవుటర్ మీదికి తీసుకెళ్తానన్నాడు. వద్దు బాబూ అని గీతలు చెరిగిపోయిన కాలనీ రోడ్డు మీదికి పోనిచ్చాను. తర్వాత పక్కకి ఆపి, లేన్ అసిస్ట్‌ని వణుకుడుకి మార్చి, ఇంజన్ ఆపి, తలుపు తీసి దిగి, మళ్లీ ఎక్కి స్టార్ట్ చేశాను. వణుకుడు మీదే ఉంది. అడ్వాన్స్ అప్పుడు కట్టాను.