బిష్కెక్, అల్మాటీ: మా పర్లాకిమిడి వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి

మా మేనల్లుడు కిర్గిజిస్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి పిల్లల్ని అక్కడికి పంపాలనుకునే తల్లిదండ్రులు ఊరెలా ఉంది, ఎక్కడ దిగాలి అని అడుగుతూనే ఉన్నారు.

విశాఖ నుంచి ఢిల్లీ వెళ్తే అక్కణ్ణుంచి పక్క దేశం కజకిస్తాన్‌లోని అల్మాటీకి నేరుగా విమానం ఉంది. కజకిస్తాన్‌లో 14 రోజుల దాకా మనకు వీసా అక్కర్లేదు. కిర్గిజిస్తాన్‌కు మాత్రం ఈ-వీసా ముందే తీసుకోవాలి. అల్మాటీ నుంచి బిష్కెక్ రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు. కోర్దాయ్ సరిహద్దులో బండి దిగి, పెట్టెలు లాక్కుంటూ చూ నది వంతెన దాటాలి. పెద్దవాళ్ళుంటే సామాను తగ్గించుకోండి.

అల్మాటీలో హోటల్‌కి వంక పెట్టడానికి లేదు. బిష్కెక్‌లో దిగింది మాత్రం ఫొటోల్లోనే బాగుంది. గదిలో హీటర్ పనిచెయ్యదు, రిసెప్షన్‌లో అమ్మాయికి రష్యన్ తప్ప రాదు. మర్నాడే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం. బయట గొడ్డుమాంసమో గుర్రంమాంసమో ఎందులో ఉంటుందో తెలియని చోట అదే నయం. మన పిల్లల కోసం నడిచే మెస్సుల్లో పప్పు, చారు దొరుకుతాయి. మన దేశం జాడ నాకు కనిపించింది అక్కడే.

మిగతా దేశాల జాడ మాత్రం ఊరంతా ఉంది. 1991లో సోవియట్ యూనియన్ చీలి స్వతంత్రం వచ్చిన ఈ చిన్న దేశం మీద అందరికీ కన్నుంది. రష్యాతో కలిసి పెట్టిన స్లావిక్ యూనివర్సిటీ ఒకటి, టర్కీతో కలిసి మనస్ యూనివర్సిటీ ఇంకొకటి, అమెరికా పేరుతో మరొకటి. 2018లో తెరిచిన పెద్ద మసీదుకు డబ్బు టర్కీది. ఊరి విమానాశ్రయంలో 2001 నుంచి 2014 దాకా అమెరికా సైనిక స్థావరం ఉండేది. దగ్గర్లోనే కాంత్‌లో 2003లో రష్యా తన స్థావరం తెరిచింది, అది ఇప్పటికీ ఉంది. లెనిన్ విగ్రహాన్నేమో పడగొట్టకుండా మ్యూజియం వెనక్కి జరిపారు. ఎవరినీ పూర్తిగా కాదనని ఆ లౌక్యం నాకు నచ్చింది.

దోర్దోయ్ బజారు తప్పక చూడండి. ఓడల మీద వచ్చే ఇనప కంటైనర్లు ఒకదాని మీద ఒకటి పేర్చారు, కింద దుకాణం, పైన గోదాము. సరుకు ఎక్కువగా చైనాది. బేరమంతా కాలిక్యులేటర్ మీదే. మేనల్లుడు తర్జుమా చేస్తుంటే చెప్పుల కొట్టతను అన్నాడు: తమ్ముడు మాస్కోలో కూలికి పోయాడట, ఈయన చైనా చెప్పులు అమ్ముతాడు, కూతుర్ని టర్కీ వాళ్ళ యూనివర్సిటీలో చేర్చాడు.

చైనా నుంచి ఈ దేశం మీదుగా ఉజ్బెకిస్తాన్‌కు రైలు మార్గానికి 2024 డిసెంబరులో శ్రీకారం చుట్టారు. అంతకుముందు ఏళ్ళ తరబడి నలిగిన గొడవల్లో పట్టాల కొలత ఒకటి. చైనాది 1435 మిల్లీమీటర్లు, సోవియట్ కాలం నాటిది 1520. కొలత మారే చోట సరుకు దించి మళ్ళీ ఎక్కించాలి, లేదా బండి చక్రాలు మార్చాలి. నౌపడాలో నేరోగేజ్ బండి దిగి పెద్ద రైలుకు పెట్టెలు మోసిన మా ఊరివాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

సుఖంగా తిరగాలంటే అల్మాటీయే. టాక్సీకి యాండెక్స్ యాప్ రెండు ఊళ్ళలోనూ పనిచేస్తుంది. చలికాలంలో బిష్కెక్ నిండా బొగ్గు పొగ, ఆయాసం ఉన్నవాళ్ళు జూన్ తర్వాతే వెళ్ళండి. చింతపండు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళండి.