లైట్‌కాయిన్ సమీక్ష: కాయిన్ చెప్పిన పని చేస్తోంది, నిలదీతలే దారి తప్పాయి

క్రిప్టో కరెన్సీల్లో ఒకటైన లైట్‌కాయిన్‌ను నేను ఇక్కడ పెట్టుబడిగా కాక, డబ్బు పంపే సాధనంగా సమీక్షిస్తున్నాను. గూగుల్‌లో ఇంజినీరుగా ఉన్న చార్లీ లీ 2011 అక్టోబరులో దీన్ని విడుదల చేసింది కూడా ఆ ఉద్దేశంతోనే. బిట్‌కాయిన్ కోడ్‌ను తీసుకుని, ఒక్కో బ్లాకుకు (లావాదేవీలను కట్టగా చేర్చి నమోదు చేసే పేజీ లాంటిది) పట్టే సమయాన్ని 10 నిమిషాల నుంచి రెండున్నర నిమిషాలకు తగ్గించి, మొత్తం కాయిన్ల పరిమితిని 2.1 కోట్ల నుంచి 8.4 కోట్లకు పెంచి, చిన్న చెల్లింపులకు వీలుగా ఆయన దాన్ని మలిచారు. తనకంటూ పెద్ద వాటా ముందే పక్కన పెట్టుకోలేదు, జనం దగ్గర నిధులూ సేకరించలేదు. తర్వాత ఆయన మీద వచ్చిన ఫిర్యాదులు చదివితే ఈ సంగతి చాలామందికి గుర్తే లేదనిపిస్తుంది.

వాడకంలో నాకు పెద్దగా వంక కనిపించలేదు. అడ్రస్ స్కాన్ చేసి పంపితే అవతలివారి వాలెట్‌లో (కాయిన్లు పంపడానికి, అందుకోవడానికి వాడే యాప్) కొన్ని సెకన్లలోనే 'పెండింగ్' అని పడుతుంది; మొదటి ధ్రువీకరణ, అంటే మన లావాదేవీ ఒక బ్లాకులో చేరడం, సగటున రెండున్నర నిమిషాలకు వస్తుంది గానీ, బ్లాకు ఎప్పుడు దొరుకుతుందో ముందే తెలియదు కాబట్టి ఒక్కోసారి అర నిమిషానికే, ఒక్కోసారి ఏడెనిమిది నిమిషాలకు వస్తుంది. నెట్‌వర్క్ ఫీజు మామూలు రోజుల్లో కొద్ది రూపాయలు దాటదు. ఎక్స్ఛేంజీలు (కాయిన్లు కొని అమ్ముకునే వేదికలు) విత్‌డ్రాకు వేసే రుసుము మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు, ఆ తేడా చూసుకోవాలి. అడ్రసుల్లోనే ఒక చిక్కు ఉంది. పాత తరహా అడ్రసులు కొన్ని బిట్‌కాయిన్ అడ్రసుల్లాగే '3'తో మొదలయ్యేవి. ఆ గందరగోళం పోవడానికే 'ఎం'తో మొదలయ్యే రూపం తెచ్చారు. పంపిన మొత్తాన్ని బయటివారికి కనబడకుండా దాచే మింబుల్‌వింబుల్ సదుపాయం 2022 మేలో వచ్చింది. దాన్ని వాడాలా వద్దా అన్నది మన ఇష్టమే అయినా, దక్షిణ కొరియా ఎక్స్ఛేంజీలు అప్‌బిట్, బితంబ్ ఈ దాచే వీలు కారణంగానే ఆ మరుసటి నెలలో లైట్‌కాయిన్‌ను తమ జాబితాల నుంచి తీసేస్తున్నట్లు ప్రకటించాయి.

ఇంత సజావుగా నడిచే ఈ కాయిన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం సాంకేతికతకు సంబంధించినవి కావు, చార్లీ లీకి సంబంధించినవి. 2017 ఆరంభంలో 4 డాలర్ల దగ్గర ఉన్న ధర డిసెంబరులో 350 డాలర్లు దాటింది. ఆ నెలలోనే ఆయన, 20 డాలర్లకు పడిపోయినా తట్టుకోలేనివారు కొనవద్దని ట్విటర్‌లో హెచ్చరించారు. కొద్ది రోజులకే, డిసెంబరు 20న, తన దగ్గరున్న లైట్‌కాయిన్లన్నిటినీ అమ్మడమో, దానం చేయడమో చేశానని ప్రకటించారు. తాను ధర గురించి ఏం మాట్లాడినా స్వలాభానికే అంటున్నారని, ఆ మాట పడకూడదనే అమ్మానని ఆయన చెప్పిన కారణం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్లు, కాయిన్లు ఉన్నప్పుడు స్వార్థపరుడన్నవారే అవి వదులుకోగానే ద్రోహి అన్నారు. మరుసటి ఏడాది డిసెంబరుకు ధర నిజంగానే 25 డాలర్ల కిందికి జారింది. హెచ్చరికను మరచిన అనుచరులు అమ్మకాన్ని మాత్రం ఏళ్ల తరబడి తవ్వుతూనే ఉన్నారు.

ఆయన తప్పేమీ లేదని నేను అనను. ఎన్ని అమ్మారో, ఏ ధరకు అమ్మారో చెప్పలేదు. అమ్మకం గరిష్ఠ ధరకు దగ్గరలో జరిగింది కాబట్టి అనుమానం పుట్టడం సహజమే. 2021 సెప్టెంబరులో వాల్‌మార్ట్ లైట్‌కాయిన్‌ను స్వీకరిస్తుందంటూ వచ్చిన నకిలీ పత్రికా ప్రకటనను, ఆయన నడిపే లైట్‌కాయిన్ ఫౌండేషన్ ట్విటర్ ఖాతా సరిచూసుకోకుండా పంచుకుని తర్వాత తొలగించింది. ధర ఎగిరి, గంటలోపే కూలింది. ఆ నిర్లక్ష్యానికి నిలదీయడంలో న్యాయం ఉంది. ధర పెంచలేదని నిలదీయడంలో లేదు. నాలుగు వరుసల రోడ్డు వేసిన ఇంజినీరును పట్టుకుని, ఆ పక్కన నేను కొన్న ప్లాటుకు రేటు ఎందుకు రాలేదని అడిగినట్లుంటుంది అది. కోడ్ అందరికీ తెరిచి ఉన్నది, మార్పులను ఒప్పుకోవలసింది మైనర్లు (కొత్త బ్లాకులు చేర్చేవారు), నోడ్లు (లావాదేవీలను సరిచూసే కంప్యూటర్లు) నడిపేవారు. ఒక్కో కొత్త బ్లాకుకు మైనర్లకు దక్కే బహుమతి 2023 ఆగస్టులో 12.5 నుంచి 6.25 కాయిన్లకు తగ్గడం కూడా మొదటి రోజు నుంచే కోడ్‌లో రాసి ఉన్న సంగతి. ఆ సగం కోత తర్వాత ధర పెరగకపోగా తగ్గినప్పుడు కూడా కొందరు చార్లీ ఏం చేస్తున్నారనే అడిగారు. ఏం చేయాలని వారి ఉద్దేశమో నాకైతే అర్థం కాలేదు.

కాబట్టి విదేశంలో ఉన్నవారి నుంచి చిన్న మొత్తం అందుకోవడానికో, ఒక ఎక్స్ఛేంజీ నుంచి మరోదానికి డబ్బు మార్చడానికో లైట్‌కాయిన్‌ను నేను ధైర్యంగా సూచిస్తాను. మన దేశంలో వాడేవారు పన్ను లెక్క మరవకూడదు: 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఆ జులై నుంచి నిర్ణీత పరిమితి దాటిన లావాదేవీల మీద ఒక శాతం టీడీఎస్ (చెల్లింపులోనే ముందుగా కోసుకునే పన్ను) అమల్లో ఉన్నాయి. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలో తగ్గించి చూపడానికి వీలు లేదు. అమ్మి రూపాయలు చేసుకోకుండా కాయిన్‌తోనే ఏదైనా కొన్నా అది బదిలీ కిందికే వస్తుంది కాబట్టి, కొన్న ధర, తేదీ, లావాదేవీ ఐడీ రాసిపెట్టుకోవడం అవసరం. వాలెట్ యాప్ ఆ పని మనకు చేసిపెట్టదు.