కెనడా చిన్న, మధ్యరకం నగరాల స్కైలైన్లు: ఎక్కడ నిలబడితే ఏది బాగుంటుంది

స్కైలైన్‌కి, అంటే ఆకాశం మీద ఊరి భవనాలు గీసే గీతకి, మార్కులేయడానికి అంతస్తులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం దండగ. కిచెనర్‌లో 39 అంతస్తుల టవరుంది. సస్కటూన్‌లో అందరికీ తెలిసిన కట్టడమల్లా 1935 నాటి పది అంతస్తుల హోటలు. అయినా రెండూళ్ల ఫొటోలు పక్కపక్కన పెడితే సస్కటూన్‌దే పైచేయి, ఎందుకంటే ఆ ఊరి ముందు నది ఉంది. ఎదురుగా ఖాళీ ఉండాలి, ఆ ఖాళీకి అవతల నిలబడే చోటుండాలి, గుర్తుపట్టడానికి ఒక్క ఆకారమైనా ఉండాలి. ఈ మూడూ చూసే ఇక్కడ మార్కులు. టొరంటో, వాంకూవర్, మాంట్రియల్, కాల్గరీల జోలికి పోవడం లేదు.

హాలిఫాక్స్‌తో మొదలుపెడదాం. పెట్టిన డబ్బుకి ఇంత గిట్టుబాటు ఇంకెక్కడా లేదు. హార్బర్‌కి అవతలున్న డార్ట్‌మత్‌కి 1752 నుంచి ఫెర్రీ నడుస్తోంది. ఇప్పుడది సిటీ బస్సులు నడిపేవాళ్ల చేతిలోనే ఉంది, టికెట్టూ బస్సు టికెట్టే. దాటడానికి పన్నెండు నిమిషాలు. టికెట్ తీసుకునేటప్పుడే ట్రాన్స్‌ఫర్ అడిగి తీసుకుంటే దానితోనే వెనక్కి రావచ్చు. వెళ్లేటప్పుడు పై డెక్‌ మీద వెనక కొసన, వచ్చేటప్పుడు ముందు కొసన నిలబడాలి. డార్ట్‌మత్ నుంచి చూస్తే డౌన్‌టౌన్ నైరుతి వైపుంటుంది. అందుకే పొద్దుటి ఎండ నేరుగా అద్దాల మీద పడుతుంది. సాయంత్రం సూర్యుడు టవర్ల వెనక్కి దిగి అంతా నల్లటి నీడబొమ్మ అయిపోతుంది. నీడబొమ్మకి ఎగుడుదిగుడు గీత కావాలి, ఇక్కడ అదే తక్కువ.

ఎందుకు తక్కువంటే, ఊరి నడుమ కొండ మీద సిటడెల్ కోట ఉంది. ఆ కోట నుంచి హార్బర్‌నీ, దీవుల్నీ చూసే చూపుదారులకు అడ్డంగా ఏదీ కట్టకూడదని 1970ల నుంచీ నిబంధన. కోట లోపలి మైదానంలో నిలబడి చూస్తే ప్రాకారం మీదుగా ఏ భవనం తలా కనపడకూడదన్నది ఇంకోటి. ఈ రెండిటి ఫలితం ఫెర్రీ మీద నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. టవర్లన్నీ కత్తితో కోసినట్టు ఇంచుమించు ఒకే ఎత్తు దగ్గర ఆగిపోతాయి, మధ్యమధ్య చీలికల్లా ఖాళీలు. ఎడమ పక్కన, గుంపుకి దూరంగా ఒంటరిగా పొడుచుకొచ్చినట్టుండేది 1971 నాటి ఫెన్విక్ టవర్. చాలా ఏళ్లు అట్లాంటిక్ కెనడాలో దానికన్నా ఎత్తైంది లేదు. ఇప్పుడు కొత్త తొడుగేసి పేరు కూడా మార్చారు. నీటి అంచునున్న పర్డీస్ వార్ఫ్ టవర్లను చల్లబరిచేది హార్బర్ నీళ్లే. ఈ సంగతి ఫొటోలో కనపడదు కానీ, చూస్తూ గుర్తు చేసుకుంటే బాగుంటుంది. పదికి ఎనిమిది.

ఫెర్రీ మీదికి ట్రైపాడ్ తీసుకెళ్లడం శుద్ధ దండగ. ఇంజిన్ అదురు కాళ్ల గుండా కెమెరాకి ఎక్కుతుంది. చేత్తో పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, షట్టరు సెకనులో 125వ వంతుకి తగ్గకుండా పెట్టి, ఐఎస్‌ఓ (కెమెరా వెలుగు పట్టే స్థాయి) పెంచుకోవడం మేలు. ఫోనులో నైట్ మోడ్ ఆపేయండి. అది రెండు మూడు సెకన్లపాటు చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. ఈలోగా పడవ కదిలిపోయి కిటికీలన్నీ సాగిన గీతలవుతాయి.

క్యుబెక్ సిటీకీ ఇదే కిటుకు. అవతలి ఒడ్డునున్న లెవీకి ఫెర్రీ ఎక్కాలి. సెయింట్ లారెన్స్ నదికి పైన కొండకొమ్ము, దాని మీద 1893లో తెరిచిన షాటో ఫ్రాంట్నాక్ హోటలు. మధ్యలోని పెద్ద బురుజు 1924లో వచ్చి చేరింది. అది లేకముందు ఈ గీతకి శిఖరం లేదనే చెప్పాలి. నిజానికి ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైంది హోటలు కాదు, 31 అంతస్తుల ప్రభుత్వ కార్యాలయం మారీ గ్యుయార్ భవనం, 1972 నాటిది. అది ఎడమ పక్కన, వెనకాల సిమెంటు డబ్బాలా నిలబడి ఉంటుంది. ఫ్రేము కుడివైపు జరిపితే తప్పిపోతుంది, చాలా పోస్టుకార్డుల్లో జరిగేదిదే. ఫెర్రీ దిగాక లెవీ ఒడ్డునున్న ఎత్తు మీదికి, టెరాస్ ద లెవీకి వెళ్తే నది వెడల్పు కూడా ఫ్రేములోకొస్తుంది. ఇక్కడా పొద్దుటి వెలుగే సరైనది. పదికి తొమ్మిది. ఒక్క మార్కు ఆ డబ్బా కోసం కోత.

రాత్రి ఫొటోల విషయంలో ఎక్కువమంది పొరబడేది నెల దగ్గర. జూన్‌లో వాతావరణం బాగుంటుందని వెళ్తారు. హాలిఫాక్స్‌లో అప్పుడు పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిది, సస్కటూన్‌లో తొమ్మిదిన్నర. ఆకాశం నీలంగా ఉండే ఆ తర్వాతి ఇరవై ముప్పై నిమిషాల్లో ఆఫీసులన్నీ చీకటి, ఏ పది కిటికీలో వెలుగుతుంటాయి. అదే డిసెంబరులో హాలిఫాక్స్‌లో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. జనం ఇంకా సీట్లలోనే ఉంటారు, భవనాలన్నీ నిండుగా వెలుగుతుంటాయి. అదీ పనిదినాల్లోనే. శని, ఆదివారాలు వెళ్తే చలి మిగులుతుంది, వెలుగు మిగలదు.

హామిల్టన్‌కి ఫెర్రీ అక్కర్లేదు, కొండ అంచుంది. నయాగరా ఎస్కార్ప్‌మెంట్ ఊరి వెనక సుమారు 100 మీటర్లు గోడలా లేస్తుంది. స్థానికులు దాన్ని 'మౌంటెన్' అంటారు. కైలాసగిరి ఎక్కి విశాఖని చూసినవాళ్లకి ఆ మాట కాస్త నవ్వు తెప్పించొచ్చు, కానీ చూపు మాత్రం దానికి తగ్గట్టే ఉంటుంది. సామ్ లారెన్స్ పార్క్ రాతి పిట్టగోడ దగ్గర నిలబడితే టవర్ల పై అంతస్తులు కంటి ఎత్తులో ఉంటాయి. అన్నిటికన్నా పొడుగైంది 1974 నాటి 43 అంతస్తుల లాండ్‌మార్క్ ప్లేస్. కొత్తవి ఎస్కార్ప్‌మెంట్‌ని దాటకూడదని 2018 డౌన్‌టౌన్ ప్లాన్‌లో 30 అంతస్తుల హద్దు పెట్టారు. టవర్ల వెనక ఉక్కు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, స్కైవే వంతెన, సరస్సు. గాలి తేటగా ఉన్న రోజున సరస్సుకి అవతల పుల్లలా నిలబడిన టొరంటో సీఎన్ టవర్ కూడా. చూసేది ఉత్తరానికి కనుక ఎండ ఇంచుమించు రోజంతా వీపు వైపే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో సరస్సు మీద మసక కమ్మి టొరంటో మాయమైపోతుంది. వాన వెలిసి ఉత్తరపు చల్లగాలి తిరిగిన మర్నాడు వెళ్లాలి. ఇక్కడ వైడ్ లెన్సు పెడితే టవర్లు అగ్గిపుల్లల్లా చిన్నవైపోతాయి. 70 నుంచి 200 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో తీస్తే ఊరూ ఫ్యాక్టరీలూ నీళ్లూ ఒకదాని మీదొకటి పేర్చినట్టొస్తాయి. పదికి ఎనిమిదిన్నర. ఫొటోల్లో హాలిఫాక్స్ కన్నా తక్కువగా కనిపిస్తుంది కానీ, ఎదురుగా నిలబడితే ఇదే గెలుస్తుంది.

సస్కటూన్‌లో బెస్‌బరో హోటలు సౌత్ సస్కచెవాన్ నది పడమటి ఒడ్డున కోటలా ఉంటుంది, పక్కన 1932 నాటి బ్రాడ్‌వే వంతెన కమానులు. తూర్పు ఒడ్డు కాలిబాట మీద వంతెనకి కాస్త ఎగువనో దిగువనో నిలబడితే చాలు, రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. ఈమధ్య వచ్చిన 18 అంతస్తుల న్యూట్రియన్ టవర్ పక్కనుండటంతో హోటలు కాస్త చిన్నబోయింది. ఈ ఊరి అసలు బలం చలికాలమే. మైనస్ 30 దగ్గర ప్రతి కప్పు మీద నుంచీ తెల్లటి ఆవిరి నిలువుగా లేస్తుంది, ఊరంతా కుంపట్లు పెట్టుకున్నట్టు. ఆ చలిలో నిండు బ్యాటరీ కూడా చూస్తుండగానే పడిపోతుంది. రెండోదాన్ని లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచాలి. లోపలికొచ్చేముందు కెమెరాని జిప్ కవరులో పెట్టి మూసి, గంటసేపు కవరు తెరవకూడదు. లేకపోతే వెచ్చటి గాలిలోని తేమ లెన్సు మీద నీళ్లలా పేరుకుంటుంది.

విన్నిపెగ్‌లో సామాను బోలెడు. 42 అంతస్తుల 300 మెయిన్, 2014లో తెరిచిన మానవ హక్కుల మ్యూజియం, దాని 100 మీటర్ల అద్దాల గోపురం. కానీ నేల బల్లపరుపు, ఎక్కి చూడ్డానికి మెట్ట లేదు. సెయింట్ బోనిఫేస్ ఒడ్డు నుంచి చూస్తే మ్యూజియం ముందుకొచ్చి టవర్లను పక్కకి నెట్టేస్తుంది. మంచి ఫొటోనే, కాకపోతే అది మ్యూజియం ఫొటో. విక్టోరియాలో స్కైలైన్ అనదగ్గది లేదు. ఇన్నర్ హార్బర్, 1908 నాటి ఎంప్రెస్ హోటలు, రాత్రి వేలాది బల్బులతో వెలిగే శాసనసభ. ఈ జాబితాలో సాయంత్రం వెలుగు సరిగ్గా పడేది మాత్రం ఇక్కడే, ఎంప్రెస్ ముఖం పడమటికి.

కిచెనర్‌ది జాలిపడాల్సిన కేసు. 2019లో అయాన్ ట్రామ్ మొదలవడానికి కాస్త ముందు నుంచే ఆ పట్టాల వెంట టవర్లు లేస్తున్నాయి. అంటే గుంపుగా కాదు, పొడుగ్గా, బట్టల తాడు మీద ఆరేసినట్టు. ఎదురుగా నదీ లేదు, కొండా లేదు. చేయగలిగిందల్లా విక్టోరియా పార్కులో చెరువుకి అవతల నిలబడి, ముందు చెట్లు, వెనక టవర్లు పెట్టి తీయడం. ఆకులు రాలాక నవంబరులో వెళ్తేనే టవర్లు పూర్తిగా కనపడతాయి. పదికి ఐదు, అదీ చెరువుకే.

విండ్సర్‌కి సొంత గీత పెద్దగా లేదు. కానీ డియెప్ గార్డెన్స్ దగ్గర నదిగట్టు మీద నిలబడితే ఎదురుగా డెట్రాయిట్ మొత్తం, నడిమి టవరు 73 అంతస్తులున్న రెనసాన్స్ సెంటర్‌తో సహా. చూపు ఉత్తరం వైపే కనుక ఎండ మళ్లీ వీపు వైపే. ఈ జాబితాలో ఉచితంగా దొరికే అతి పెద్ద స్కైలైన్ అమెరికాది. స్టడీ పర్మిట్ మీదున్న మనవాళ్లు దీన్ని నిక్షేపంగా చూడొచ్చు. విండ్సర్ స్కైలైన్ చూడాలంటే మాత్రం అవతలి ఒడ్డుకెళ్లాలి, దానికి అమెరికా వీసా కావాలి. గట్టు మీదికి చేరేముందే ఫోనులో రోమింగ్ ఆపేసుకోండి. అవతలి సెల్ టవరు సిగ్నలు పట్టుకుని బిల్లులో అమెరికా చార్జీ పడుతుంది.