గట్టు తగాదాలకు ఇంకా కోర్టున్న ఇంగ్లండ్ ఊరు

లాక్స్టన్‌లో చూడ్డానికి ఏముందని అడిగితే, పొలాలు. అంతే. నాటింగ్‌హమ్‌షైర్‌లోని ఈ చిన్న ఊరికి మా ఆవిడ అందుకే రానంది. నేనొక్కణ్ణే మే నెలలో కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి న్యూఆర్క్‌లో దిగి, క్యాబ్ పట్టుకుని వెళ్లాను. సొంత కారుంటే మేలు, బస్సును నమ్ముకోకండి.

ఊళ్లోకి రాగానే ఓ తేడా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో రైతిల్లంటే సాధారణంగా పొలం మధ్య ఒంటరిగా ఉంటుంది. ఇక్కడ మాత్రం మన పల్లెల్లోలాగే రైతులంతా ఊరి వీధిలో ఉంటారు, పొలాలేమో ఊరి చుట్టూ. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు వేల చట్టాలు చేసి ఉమ్మడి పొలాలను పంచి కంచెలు వేయించింది. లాక్స్టన్‌లో మూడు పెద్ద పొలాలు (వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్) ఆ పంపకానికి దొరక్కుండా మిగిలాయి. ఒక్కో రైతుకీ మూడింట్లోనూ ముక్కలుంటాయి. ఒక పొలంలో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పైరు, మూడోది బీడు లేదా పశువుల గడ్డి. ఏటా ఇవి మారుతుంటాయి.

ముక్కకీ ముక్కకీ మధ్య కంచె లేదు. మరి పక్కవాడు నాలుగు చాళ్లు ఎక్కువ దున్నుకుంటే? అందుకే కోర్ట్ లీట్, అంటే ఊరి పొలాల తగాదాలు తీర్చే కోర్టు. నవంబరు చివర్లో ఊరి రైతులే జ్యూరీగా గోధుమ పొలమంతా తిరిగి, హద్దులు చూసి, కొయ్య గూటాలు దిగ్గొడతారు. దారినీ, 'సైక్' అనే గడ్డి పోరంబోకునీ ఎవరైనా కలిపి దున్నేస్తే రాసుకుంటారు. వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుని జరిమానా వేస్తుంది. 1977 చట్టం ఇలాంటి కోర్టుల అధికారాలు తీసేసినా లాక్స్టన్‌ని మినహాయించింది. మా తాతగారి ఊళ్లో జానెడు గట్టు కోసం రెండు తరాలు మాటల్లేవు. ఆ పబ్బు ముందు నిలబడితే అదే గుర్తొచ్చింది.

సైక్ అంచున వంగి చూశాను. గడ్డి ఆగిన చోట ఎర్రటి బంకమట్టి చాలు, నూలు పట్టినట్టు తిన్నగా పోయింది.

ఈ కోర్టు పొలాల వరకే. మిగతా ఊరికి 1894 చట్టంతో ఇంగ్లండ్ పల్లెలకొచ్చిన పారిష్ కౌన్సిల్ ఉంది, పక్కనున్న మూర్‌హౌస్‌తో కలిపి. మన పంచాయతీ అనుకోవచ్చు గానీ చేతిలో ఉన్నది తక్కువ. ఇళ్ల ప్లాన్ల మీద అభిప్రాయం చెబుతుంది, అనుమతిచ్చేది జిల్లా కౌన్సిల్. చెత్త కూడా జిల్లాదే, రోడ్లూ బడులూ కౌంటీవి.

భూమి చేతులు మారిన కథ ఇంకా సరదా. ఊరి భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ 1952లో ఎస్టేటును వ్యవసాయ శాఖకి అమ్మారు. తర్వాత అది రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి వెళ్లింది. 2020లో తిరిగి ఆ వంశానికే చెందిన థోర్స్‌బీ ఎస్టేట్ కొనుక్కుంది. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు ఒక్కో ముక్కా గీసిన పటం మాత్రం ఊళ్లో లేదు, ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ లైబ్రరీలో ఉంది.

నార్మన్ కోట అంటే మట్టిదిబ్బే, గోడలు వెతక్కండి. పిల్లలతో వెళ్తే లాక్స్టన్‌కి పూట చాలు, మిగతా రోజు సౌత్‌వెల్‌కి ఇవ్వండి. మిన్‌స్టర్ చర్చిలో రాతి ఆకుల చెక్కడం, 1824లో కట్టిన వర్క్‌హౌస్ (పేదలకు తిండీ నీడా ఇచ్చి పని చేయించిన చోటు) రెండూ చూడదగ్గవే.

బస న్యూఆర్క్‌లోనే చూసుకోండి. నేను డబ్బు మిగులుతుందని దగ్గర్లో ఓ గెస్ట్‌హౌస్ తీసుకున్నాను. వేడినీళ్లు రాలేదు, టిఫిన్ పేరుతో చల్లారిన బ్రెడ్డు ముక్కలు పెట్టారు. బూట్లకంటిన మట్టి కడుక్కోవడానికి బకెట్ అడిగితే, వీధి చివర గడ్డి ఉంది, అక్కడ రుద్దుకోమన్నారు.